తెల్లదాని తోక కొరికిందెవరు

తెల్ల ఆస్కార్ చేప తోక చివర నెలవంకలా ముక్క పోయి ఉండడం నేను మొదటిసారి చూసింది ఒక సోమవారం పొద్దున, డ్యూటీకి బయల్దేరుతూ. ఒక బూటు కాలికుంది, రెండోది చేతిలో ఉంది. అలాగే కుంటుకుంటూ ట్యాంకు దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. ముందు రోజు సాయంత్రం మేత వేసినప్పుడు ఆ తోక నిండుగానే ఉంది. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. నేను చూడకుండా ఏదీ వదలను.

నా ఉద్యోగం అలాంటిది. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాను. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా, ఇటు వినుకొండ దాకా, ఎక్కడో ఒకచోట రోడ్డు మీద నిలబడి బస్సు ఆపి ఎక్కుతాం. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని చేశాక టికెట్టు అడగకముందే మనిషి తెలిసిపోతాడు. నన్ను చూడగానే కిటికీలోంచి పొలాలు చూడడం మొదలుపెట్టేవాడు ఒకడు, నిద్ర నటించేవాడు ఒకడు. ఆ చూపు బస్సు దిగేటప్పుడు అక్కడే దిగబెట్టి రావడం నాకు చేతకాలేదు. పాలాయన క్యాను, కూరగాయల తూకం, మా ఆవిడ పక్కింటి వదినతో గొంతు తగ్గించి మాట్లాడే మాట, అన్నిటి వెనకా ఏదో ఉందనిపించేది.

ట్యాంకు నేను కొన్నది కాదు. నాతో పనిచేసిన ఒకాయన బదిలీ మీద వెళుతూ, మోసుకుపోలేక మా హాల్లో దించిపోయాడు. ఇనుప స్టాండు మీద నాలుగడుగుల అద్దాల తొట్టి, అందులో వేలెడేసి చేపలు మూడు. రెండు ఆస్కార్లు. ఒకటి నల్లగా, పక్కల మీద నిప్పుకణికల్లాంటి మచ్చలతో ఉండేది. ఇంకోటి తెల్లటి ఒంటి మీద నారింజ చారలతో ఉండేది. మూడోది గ్రీన్ టెర్రర్ అనే జాతి, పచ్చటి మెరుపు, ముఖం మీద నీలం గీతలు. మా ఆవిడ నల్లది, తెల్లది, పచ్చది అంది, ఇంట్లో అవే స్థిరపడ్డాయి. ఏడాదిన్నర తిరిగేసరికి ఆస్కార్లు రెండూ జానెడు దాటి, చిన్న పళ్ళేలంత వెడల్పున తయారయ్యాయి. పచ్చది వాటికంటే కొంచెం చిన్నది, కానీ చురుకైనది.

పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉండేవారు. ఇంట్లో మనుషులం ముగ్గురం. మా ఆవిడ ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పనిచేసేది, పొద్దున ఎనిమిదికి పోతే మూడింటికి వచ్చేది. మూడో మనిషి వాళ్ళ నాన్న. నాకు పెళ్ళికి ముందు నుంచే మేనమామ. దుర్గిలో నలభై ఏళ్ళు ఉలి పట్టినవాడు. నందులు, నాగప్రతిమలు, గుమ్మాల మీద గజలక్ష్ములు చెక్కాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిపోయిందని, ఆ దుమ్ము మళ్ళీ పీల్చొద్దని డాక్టరు చెప్పాక మా ఇంటికొచ్చాడు. ఆడపిల్ల ఇంట్లో తింటున్నానన్న మాట నోటితో ఎప్పుడూ అనలేదు. కానీ రెండోసారి కూర అడిగేవాడు కాదు.

తెల్లదాని తోక చూసిన రోజు నా అనుమానం పచ్చదాని మీదకే పోయింది. అది ఎప్పుడూ అద్దంలో తన నీడనే చూసి మీదికి ఉరుకుతుండేది. ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా పల్నాడు రోడ్డులో చేపల కొట్టుకు వెళ్ళాను. కొట్టు భాయ్ అంతకుముందు మోటార్లు వైండింగ్ చేసేవాడు. ఇప్పటికీ కొట్లో సగం రాగితీగలు, సగం చేపలు.

"పేరులోనే టెర్రర్ ఉంటే ఇంకా అనుమానమేంది సారూ? దాన్ని వేరు చెయ్యి," అన్నాడు. "టమాటా ట్రే ఉంటది చూడు, ప్లాస్టిక్‌ది, దాని అడుగు కోసి అడ్డం పెట్టు. నీళ్ళు ఆడతయ్, చేప రాదు."

"అంతేనా?"

"అంతే. కాకపోతే ఒక మాట. ఆస్కార్లు ఇంకా పెరుగుతయ్. నాలుగడుగుల్లో మూడు పెద్ద చేపలంటే చానా ఇరుకు. నా కాడ ఆరడుగులది ఉంది, కావాల్నంటే చూడు."

అక్కడ దొరికిపోయాడనుకున్నాను. ఆరడుగులది అమ్ముకోవడానికే ఇదంతా అని లోలోపల నవ్వుకుని, ట్రే సంగతి ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చాను. హ్యాక్సా బ్లేడుతో ట్రే అడుగు కోసి, పచ్చదాన్ని ఒక మూలకు తోసి అడ్డం పెట్టాను.

మూడో రోజు తెల్లదాని ఎడం పక్క రూపాయి బిళ్ళంత మేర పొలుసులు లేచిపోయి ఉన్నాయి. పచ్చది ట్రే వెనక ఉన్నది ఉన్నట్టే ఉంది.

నల్లదాని మీద నాకు అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆ రెండూ కలిసి పెరిగాయి. మనిషి హాల్లో అడుగుపెడితే చాలు, రెండూ పక్కపక్కన అద్దం దగ్గరికొచ్చి, మేత కోసం నోళ్ళు తెరిచి తోకలాడించేవి. నేను చూసినన్ని సార్లూ అలాగే కనిపించాయి. పచ్చది బందీగా ఉంటే, నల్లది నేస్తమైతే, ఇక మిగిలింది మనుషులు.

అప్పటినుంచి ఇంటికి రాగానే హాలంతా కళ్ళతో వెతకడం మొదలుపెట్టాను. ట్యాంకు మూత పొద్దున నేను పెట్టినట్టు లేదు, ఒక వేలు ఎడం పక్కకు జరిగింది. స్టాండు కింద నేల మీద నీళ్ళ మరక ఆరీ ఆరకుండా ఉంది. నేను నిలబెట్టిన గుండ్రాయి పడుకుని ఉంది. ఆస్కార్లు రాళ్ళు తోస్తాయని తెలుసు, కానీ మూత తియ్యలేవు కదా. మా ఆవిడ మూడింటికి గానీ రాదు. పగలంతా ఇంట్లో ఉండేది మామ ఒక్కడే.

మామ మీద అనుమానం రావడానికి నా దగ్గర కారణం కూడా ఉంది. దీనికి రెండు నెలల ముందు ఆయన ఆ ట్యాంకు కోసం ఒక రాయి చెక్కాడు. వాళ్ళ ఊరి రాయే, ఎవరితోనో తెప్పించుకున్నాడు. మిద్దె మీద తడి గోనె పరుచుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, డాక్టరు మాట పక్కనపెట్టి ఇరవై రోజులు కూర్చున్నాడు. చేప దూరేంత గుహ తొలిచి, దాని నెత్తిన తామర రేకులు తీర్చాడు. తెచ్చి హాల్లో పెట్టినప్పుడు ఆయన ముఖం నేను చాలా ఏళ్ళుగా చూడనంత తేటగా ఉంది.

నేనేమో అంతకు వారం ముందే ఫోన్లో ఎవరో చెబుతుంటే విన్నాను, సున్నపురాయి నీళ్ళ గుణం మారుస్తుందని, నిమ్మరసం పోస్తే పొంగే రాయి తొట్లో పెట్టకూడదని.

"ఈ రాయి చేపలకు పడదు మావా," అన్నాను.

"నేను చెక్కిన నందులు వానలో ఎండలో నిలబడ్డయ్ అల్లుడూ. ఏ నందీ కరగలా."

నేను వంటింట్లోకి పోయి నిమ్మచెక్క తెచ్చి తామర రేకుల మీద పిండాను. తెల్లగా బుసబుసా పొంగింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. మామ ఆ పొంగు చల్లారేదాకా చూశాడు. తువ్వాలుతో రాయి తుడిచి, ఎత్తుకుని పోయి తన మంచం కింద పెట్టుకున్నాడు. నేను ఊరుకోలేదు. "ట్యాంకులో చెయ్యి గూడా పెట్టొద్దు మావా, నీళ్ళు చెడతయ్," అన్నాను. ఆ తర్వాత నేనుండగా ఆయన ట్యాంకు వైపు చూడడం మానేశాడు.

ఇవన్నీ నా మనసులో వరసగా కూర్చున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ తొందరగా అయిపోయి ఒంటిగంటకే ఇల్లు చేరాను. మామ వసారాలో మంచం మీద కూర్చుని గసపోస్తున్నాడు. భుజం మీద తువ్వాలు తడిసి ఉంది. ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. గోంగూర పచ్చడి కలుపుతూ ఆయన చెయ్యి చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకున్నాడు. చూస్తే వేళ్ళ కణుపుల మీద ఎర్రటి గీతలు, గరుకు కాగితంతో రుద్దినట్టు.

"చేతికేంది మావా?"

"ఏం లేదు. గోరు గీసుకుంది."

నాలుగు వేళ్ళకూ ఒకే గోరు గీసుకోదు. ఆయన నా ముఖం చూడకుండా మజ్జిగ పోసుకున్నాడు. బస్సులో అయితే ఆ మనిషిని నేను దించేసేవాణ్ణి.

సాయంత్రం మా ఆవిడతో అన్నాను. "ఏమే, మీ నాయన ట్యాంకులో చెయ్యి పెడతన్నాడు."

"పెడితే ఏమయింది?"

"తెల్లదానికి దెబ్బలు తగులుతున్నయ్."

ఆవిడ మడతపెడుతున్న చీర ఆపింది. "చేపను మా నాయన కొరికాడంటావా?"

"కొరికాడని ఎవరన్నారు? కర్రతోనో దేంతోనో పొడుస్తన్నాడేమో. రాయి సంగతి మనసులో పెట్టుకున్నాడు."

ఆవిడ నా వంక చూసింది. కోపం కంటే ఎక్కువగా విసుగుంది ఆ చూపులో. "నువ్వు బస్సులోనే ఉండిపోయావయ్యా. ఇంకా ఇంటికి రాలా," అని చీర తీసుకుని లోపలికి పోయింది.

ఆవిడ మాట నాకు పట్టలేదు. ఆవిడ కూడా తండ్రిని కాపాడుతోందనుకున్నాను. మర్నాడు పొద్దున, ఇద్దరూ పెరట్లో ఉన్నప్పుడు, నా పాత ఫోన్‌కు ఛార్జర్ పెట్టి షోకేసులో పిల్లల ఆటల కప్పుల మధ్య నిలబెట్టాను. కెమెరా కన్ను ట్యాంకు మీదికి తిప్పి, రికార్డింగ్ నొక్కి డ్యూటీకి వెళ్ళిపోయాను. ఆ రోజు ఎన్ని బస్సులు ఎక్కానో నాకు గుర్తులేదు. నా ధ్యాసంతా ఆ షోకేసు మీదే ఉంది.

సాయంత్రం ఫోన్ తీసుకుని మిద్దె ఎక్కాను. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని చూడడం మొదలుపెట్టాను. మొదట మా ఆవిడ గుమ్మం దాటిపోవడం, తర్వాత ఖాళీ హాలు. చాలాసేపు ఏమీ లేదు. ముందుకు జరుపుతూ పోయాను.

హాల్లో మనిషి అలికిడి పూర్తిగా ఆగిన పావుగంటకు నల్లది మారిపోయింది. ఒంటి రంగు ఇంకా నల్లబడింది. మొప్పలు గొడుగుల్లా విప్పి, తోక బిగించి, తెల్లదాని చుట్టూ తిరిగింది. తర్వాత ఒక్క ఉరుకు. తెల్లది ఫిల్టరు పైపు వెనక మూలకు దూరింది. అక్కడిదాకా తరిమింది. రెండూ నోళ్ళు కరుచుకుని గుంజుకున్నాయి, నీళ్ళు మూత మీదికి ఎగిరాయి. విడిపించుకుని తెల్లది పక్కకు ఒరిగితే, నల్లది ఎడమ పక్క నుంచి వచ్చి పొలుసుల మీద కొట్టింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టింది. మేము చూసినప్పుడల్లా పక్కపక్కన నిలబడి నోరు తెరిచిన చేపేనా ఇది అనిపించింది. మేం కనబడితే దానికి మేత గుర్తొచ్చేది. కనబడకపోతే దానికి గుర్తొచ్చేది వేరు.

అప్పుడు మామ వచ్చాడు. వసారాలోంచి దాదాపు పరుగున వచ్చాడు, పరుగెత్తకూడని మనిషి. మూత ఎత్తి పక్కన పెట్టాడు. చెయ్యి భుజం దాకా నీళ్ళలో దించి, అరచెయ్యి చాపి, రెండిటి మధ్యా గోడలా నిలబెట్టాడు. నల్లది ఆగలేదు, ఆ చేతి మీదికే వచ్చింది. వేళ్ళు పట్టుకుని గుంజింది. ఆయన భుజం అదిరింది గానీ చెయ్యి తియ్యలేదు.

"చాల్లే," అంటున్నాడు. ఫోన్లో ఆ గొంతు సన్నగా వినబడింది. "చాల్లే ఇంక. నీ చోటు నీకుంది. దాన్ని బతకనియ్యి."

అలా ఎంతసేపు నిలబడ్డాడో చూసుకున్నాను. ఇరవై నిమిషాలు దాటింది. మధ్యలో దగ్గు తెర వచ్చి వంగిపోయాడు. అప్పుడు కూడా ఎడం చేత్తో స్టాండు పట్టుకుని, కుడి చెయ్యి నీళ్ళలోనే ఉంచాడు. నల్లది చల్లబడి పక్కకు పోయాక చెయ్యి తీసి, నేల తుడిచి, మూత పెట్టి, తువ్వాలుతో చెయ్యి అద్దుకుంటూ వెళ్ళిపోయాడు. అరగంటకు మళ్ళీ వచ్చాడు.

మిద్దె దిగి రావడానికి నాకు ముఖం చెల్లలేదు. అయినా నా బుద్ధి చూడండి. దిగొచ్చాక ఆయన్ని మంచి మాట ఒక్కటి అడగలేదు. ఈ మనిషి నాకు ఎందుకు చెప్పలేదు, దాచాల్సిన అవసరమేంటి అని కొత్త అనుమానం మొదలుపెట్టుకున్నాను. రెండు రోజులు ఏమీ ఎరగనట్టు తిరిగాను. నల్లదాన్ని తీసి వేరే పెట్టే పని కూడా చెయ్యలేదు. పెడితే నాకెలా తెలిసిందో చెప్పాలి.

ఆదివారం నాకు సెలవు. హాస్టల్లో ఉన్న పిల్లాడికి ఆ పాత ఫోన్ పంపుదామని మా ఆవిడ దాన్ని తెరిచింది. భోజనాల దగ్గర మా ఇద్దరికీ వడ్డించి, తను వడ్డించుకోకుండా, ఫోన్ తెచ్చి మా కంచాల మధ్య నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టింది. ఆడుతున్న బొమ్మలో మామ చెయ్యి నీళ్ళలో ఉంది.

మామ తన్ను తాను కాసేపు చూసుకున్నాడు. తర్వాత షోకేసు వైపు చూశాడు, ఫోన్ ఎక్కడ కూర్చుందో కొలుచుకుంటున్నట్టు.

"నేను దొంగనైతినా అల్లుడూ?" అన్నాడు.

"అది కాదు మావా..."

"అన్నం తినమ్మా," అని కూతురితో చెప్పి, తన కంచంలో ఉన్నది మెతుకు వదలకుండా తిని లేచాడు. రేపు దుర్గి పోతానని ఆవిడకు చెప్పాడు. నాకు చెప్పలేదు.

మర్నాడు ఆయన లేచేలోపే నేను డ్యూటీకి వెళ్ళిపోయాను. కావాలనే వెళ్ళానని ఒప్పుకోవాలి. ఆ పొద్దున మా జట్టును పిడుగురాళ్ల దాటాక రోడ్డు మీద నిలబెట్టారు. తొమ్మిది దాటాక మాచర్ల బస్సు వస్తే ఆపాం. నా తోటి ఆయన వెనక నుంచి ఎక్కాడు, నేను ముందు నుంచి ఎక్కాను. మూడో వరసలో కిటికీ పక్క మామ. ఒళ్ళో సంచి. నేను ఆయన దగ్గరికి చేరకముందే టికెట్టు పట్టుకున్న చెయ్యి పైకి లేచి ఉంది. వేళ్ళ మీద గీతలు మానుతున్నాయి.

"మావా," అన్నాను నెమ్మదిగా.

"చూసుకో."

"మావా, నేను..."

"నీ పని నువ్వు చేసుకో. జనం చూస్తన్నారు."

నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. టికెట్టు తీసుకున్నాను. నిజంగానే చూశాను. మాచర్ల దాకా సరిగ్గానే ఉంది, దుర్గి బస్సు అక్కడే మారాలి. పెన్నుతో గీత పెట్టి ఇచ్చేశాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని కిటికీలోంచి పొలాలు చూడడం మొదలుపెట్టాడు. బస్సు పోయాక నా తోటి ఆయన, "ఎవరాయన, తెలిసినోళ్ళా?" అన్నాడు. మా మామ అన్నాను. "మామ టికెట్టు గూడా చూస్తివా? నువ్వు మనిషివేనా?" అని నవ్వాడు.

ఇంట్లో ఆపే చెయ్యి లేకపోయేసరికి మొదటి రోజే తెల్లదాని ఎడం కన్ను దెబ్బతిని మసకేసింది. అప్పుడు కదిలాను. నీళ్ళు పట్టే నీలం డ్రమ్ము కడిగి, వసారాలో పెట్టి, గాలిపంపు వేసి నల్లదాన్ని అందులోకి మార్చాను. మళ్ళీ కొట్టుకు వెళ్ళి జరిగింది చెబితే భాయ్ మొత్తం విన్నాడు.

"ఒక వారం దూరంగా ఉంచు. ఈలోపల రాళ్ళన్నీ తీసి కొత్తగా సర్దు. తిరిగి వేసినప్పుడు దాని పాత చోటు దానికి దొరక్కూడదు. మేత రెండు మూలలా ఒకేసారి వెయ్యి. అయినా కొడితే ఇంక అవి రెండూ కలిసి ఉండవు సారూ. చిన్నప్పుడు కలిసి ఆడినయ్, ఇప్పుడు ఎదిగినయ్, చోటు కావాల."

పచ్చదాన్ని ఆయనకే ఇచ్చేశాను. చెయ్యని నేరానికి నెలన్నర బందీగా ఉన్న చేప అది. దానికి విడిగా రెండడుగుల తొట్టి ఇచ్చాడు. అమ్మేసుకుంటాడేమోనని రెండు సార్లు అటుగా వెళ్ళి తొంగి చూశాను. అక్కడే ఉంది.

నల్లదాన్ని వారం తర్వాత తిరిగి వేశాను. రెండు రోజులు కొత్త చోటులో బిక్కుబిక్కుమంటూ తిరిగింది. మూడో రోజు మొప్పలు విప్పింది. మధ్యలో టమాటా ట్రే పెట్టాను. ట్రే కన్నాల్లోంచే ముఖాలు ఆనించి పోట్లాడుకున్నాయి, రెండిటి పెదాలూ తెల్లగా చీరుకుపోయాయి. మళ్ళీ డ్రమ్ము.

ఆ ఆదివారం దుర్గి వెళ్ళాను. మామ వాళ్ళ తమ్ముడి కొడుకు షెడ్డు ముందు, దుమ్ముకు ఎదురుగాలి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల ఇద్దరు పనివాళ్ళు చెక్కుతున్నారు. నన్ను చూసి లేవలేదు. పక్కన ఇంకో కుర్చీ చూపించాడు.

వెళ్ళి అందులో కూర్చున్నాను.

"తెల్లది బతికుందా?" అన్నాడు.

"ఉంది మావా. ఒక కన్ను పోయేట్టుంది."

"ఎడం కన్నా?"

"అవును."

"అది ఎప్పుడూ ఎడం పక్క నించే వస్తది. నేను కూడా చెయ్యి అటే పెట్టేవాణ్ణి."

"మరి నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా మావా, నల్లదే కొడతందని?"

"చెబితే నమ్మేవాడివా? నలభై ఏళ్ళు నేను తొలిచిన రాయి మీద నిమ్మకాయ పిండితివి. చేప సంగతి చెబితే ఇంకేం తెచ్చి పోసేవాడివో."

ఆయనే మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి, "రాయి కాడ నువ్వన్నది నిజమే. పొంగింది. నా కళ్ళతోనే చూశా. కానీ నా బిడ్డ గుమ్మంలో ఉండగా పిండకుండా ఉంటే బాగుండేది."

"తప్పయింది మావా," అన్నాను. "ఫోన్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు."

ఆయన తల ఊపాడు. క్షమించానని అనలేదు. డ్రమ్ములో చేప ఎలా ఉందని అడిగాడు. ట్రే సంగతి చెబితే మాత్రం దగ్గుతూ నవ్వాడు.

"జల్లెడ అడ్డం పెడితే తగువు ఆగుద్దా? ఒకదానికొకటి కనపడతనే ఉంటయ్ గదా. అటు చూడు." షెడ్డులోకి చెయ్యి చూపించాడు. పనివాళ్ళిద్దరూ ఒకరికొకరు వీపులు తిప్పుకుని కూర్చుని ఉన్నారు. "ఎదురెదురుగా కూర్చోబెడితే ఒకడి బొమ్మ మీద ఇంకొకడి కళ్ళు. మధ్యాహ్నానికి మాటా మాటా. చూపు ఆపాల ముందు."

సాయంత్రం బస్సుకు నాతో వచ్చాడు. నా కోసం కాదని, డ్రమ్ములో చేపకు ఊపిరాడదని వస్తున్నానని దారిలో రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు ఇద్దరం గ్రానైట్ కోసే చోటికి వెళ్ళి, వంటింటి గట్టుకు వేయగా మిగిలిన నల్లటి పలక ముక్క తెచ్చాం. ట్యాంకు లోపలి కొలతకు కోయించి, పైన కింద నీళ్ళు ఆడడానికి సన్నటి కన్నాలు వేయించాడు. అద్దం పగలకుండా అంచులకు రబ్బరు పట్టీ పెట్టి మామే దించాడు. ఒక పక్క తెల్లది, ఒక పక్క నల్లది. మొదటి రోజు నల్లది పలక పొడవునా పైకీ కిందికీ తిరిగింది. రెండో రోజు తిరగలేదు. నేను మాత్రం వారం రోజులు గుమ్మం పక్క నుంచి తొంగి చూస్తూనే ఉన్నాను. ఒకసారి మామ అదే గుమ్మానికి అటుపక్క నుంచి తొంగి చూస్తూ దొరికాడు. ఇద్దరం ఎవరి దారిన వాళ్ళం పోయాం.

రెండు అడుగుల చోటు అంత చేపకు చాలదని భాయ్ చెప్పినప్పుడు ఈసారి ఎదురు చెప్పలేదు. హాల్లో సోఫా తీసేస్తే ఆరడుగులది పట్టింది. పలక మధ్యకు మారింది. తెల్లదానికి ఎడం కన్ను పూర్తిగా పోయింది. మేత కుడి పక్క వేస్తేనే అందుకుంటుంది.

మొన్న వానాకాలం నల్లది నాలుగు రోజులు మేత ముట్టలేదు. అడుగున, మూలకు ముఖం పెట్టుకుని ఉండిపోయింది. నీళ్ళు మార్చాను, వేడి చూశాను, ఏదీ తేలలేదు. ట్యాంకు ముందు నిలబడి ఆలోచిస్తూ, నాకు తెలియకుండానే నా చూపు మామ మంచం వైపు పోయింది. ఆయన అప్పటికే నా వైపే చూస్తున్నాడు.

"అడుగు," అన్నాడు.

"ఏం లేదు మావా."

"ఉంది. నీ ముఖంలో కనపడతంది. లోపల పెట్టుకుని మళ్ళా ఫోన్లు పెట్టబాక. నోటితో అడుగు."

"దానికి ఏమన్నా పెట్టావా మావా?"

"పెట్టలా."

"సరే," అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి మమ్మల్ని ఇద్దర్నీ ఒకసారి చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం నల్లది పైకొచ్చి మేత అందుకుంది. ఎందుకు మానిందో, ఎందుకు తిన్నదో ఇప్పటికీ మాకు తెలియదు.